శనివారం రాత్రి, తొమ్మిది మంది టేబుల్: పెరూ రెస్టారెంట్‌లో ఒక కేస్ స్టడీ

నేను లండన్‌లో ఒక పెరూ రెస్టారెంట్‌లో ఫ్లోర్ మేనేజర్‌ని. లోపలికి రాగానే కాక్‌టెయిల్ బార్, దాని వెనక డైనింగ్ హాల్, రెండింటికీ మధ్య అందరికీ కనబడేలా సెవిచే కౌంటర్. సెవిచే అంటే పచ్చి చేప ముక్కల్ని నిమ్మరసం పులుసులో కలిపే పెరూ వంటకం. మాది గుంటూరు వైపు. హోటల్ మేనేజ్‌మెంట్ హైదరాబాద్‌లో చదివాను. ఇక్కడ రాస్తున్నది ఒక్క టేబుల్ సంగతి. ఆ కుటుంబాన్ని అడిగి, వాళ్లు గుర్తుపట్టబడకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. హోటల్ రంగంలో ఉన్న మన పిల్లలు చాలామంది ఇప్పుడు లండన్, దుబాయ్‌లలో ఇలాంటి చోట్ల పని చేస్తున్నారు. వాళ్లకి పనికొస్తుందని నా ఆశ.

ముందే ఒక మాట. పెరూ వంటలో అసలు సంగతి పళ్లెంలో పైకి కనిపించే ముక్కలో ఉండదు, కింద ఉన్న పులుసులో ఉంటుంది. మేం అతిథిని అడిగే ప్రశ్నలన్నీ ముక్క గురించే. చేప తింటారా, మాంసం తింటారా, రొయ్యలు పడతాయా. పులుసు గురించి ఎవరూ అడగరు. ఆ శనివారం మేం తప్పింది అక్కడే.

బుకింగ్

పెద్దబ్బాయి ఫోన్ చేశాడు. రాజమండ్రి నుంచి అమ్మానాన్న వచ్చారు, నాన్నగారికి డెబ్బయ్యేళ్లు నిండుతున్నాయి, ఎప్పుడూ ఇండియన్ రెస్టారెంటేనా, ఈసారి కొత్తది చూపిద్దాం అని. ఈమధ్య ఇలా పెరూ వంట అడుగుతూ వచ్చేవాళ్లు బాగా పెరిగారు. లిమా నగరంలోని సెంట్రల్ 2023లో, మైదో 2025లో ప్రపంచ ఉత్తమ రెస్టారెంట్ల జాబితాలో మొదటి స్థానానికి వచ్చాయి. ఆ పేర్లు విని, ఒకసారి రుచి చూద్దామని వస్తారు.

మా రిసెప్షన్‌లో అమ్మాయి అడగాల్సినవన్నీ అడిగింది. సిస్టమ్‌లో ఇలా రాసింది: "9 మంది, పుట్టినరోజు. ఒకరికి రొయ్యలు, పీతలు అలర్జీ. ఒకరు వెజ్. బీఫ్ వద్దు."

చూడ్డానికి మంచి నోట్. నేనూ శుక్రవారం సాయంత్రం చూసి, బాగుంది అనుకుని పక్కన పెట్టాను. ఇప్పుడు చదివితే అందులో ఏ మాటకి ఎంత బరువుందో తెలుస్తోంది. బ్రిటన్‌లో చట్టం 14 రకాల అలర్జీ పదార్థాల పేర్లు చెబుతుంది. రొయ్య, పీత జాతి ఒకటి. చేప ఇంకొకటి. నత్తలు, ఆక్టోపస్, స్క్విడ్ లాంటివి మరొకటి. గుడ్డు, పాలు, సోయా, నువ్వులు, ఆవాలు, సెలరీ అన్నీ వేరువేరు. ప్రతి వంటకంలో వీటిలో ఏవేవి ఉన్నాయో చెప్పగలగాలి. మా వంటింటి గోడకి ఆ పట్టిక అంటించి ఉంటుంది. అందుకే "రొయ్యలు అలర్జీ" అని టికెట్ మీద పడగానే ఎర్ర అక్షరాల్లో ప్రింటవుతుంది, హెడ్ చెఫ్ గట్టిగా చదువుతాడు, కత్తి మారుతుంది, బోర్డు మారుతుంది.

"వెజ్" అన్న మాటకి అలాంటి పట్టిక లేదు. ఎవరి మనసులో ఏ అర్థం ఉంటే అదే. ఇక్కడ చేప తింటూ కూడా వెజ్ అని చెప్పుకునేవాళ్లని చూశాను. ఇక మన ఇళ్లలో ఆ మాటకి ఎన్ని అర్థాలో మనకి తెలియనిదా? ఒకరు పుట్టుకతోనే ముట్టరు. ఒకరు గుడ్డు మాత్రం తింటారు. ఒకరు శనివారం, ఇంకొకరు సోమవారం, మరొకరు కార్తీకం నెల మొత్తం మానేస్తారు. కొందరికి ఆ రోజు ఉల్లి, వెల్లుల్లి కూడా పనికిరావు. ఇదంతా తెలిసిన తెలుగువాణ్ని ఆ బిల్డింగ్‌లో నేనొక్కణ్నే. బుకింగ్‌లో తెలుగు పేరు చూసిన వెంటనే ఫోన్ చేసి "బ్రదర్, వెజ్ అంటే ఎలా వెజ్?" అని అడగడానికి రెండు నిమిషాలు చాలు. నేను చేయలేదు.

బార్ దగ్గర

రాత్రి ఏడున్నరకి వచ్చారు. అమ్మగారు పట్టుచీర మీద ఉన్ని స్వెట్టర్ వేసుకున్నారు. నాన్నగారు రాజమండ్రిలో వకీలుగా చేసి రిటైరయ్యారు. నేను తెలుగులో "రండి బాబాయిగారూ" అనేసరికి ఇద్దరి ముఖాల్లో టెన్షన్ తగ్గింది. "గుంటూరా నాయనా మీది? అయితే మాకు నువ్వే పెట్టు, ఈ పేర్లేవీ నా నోరు తిరగట్లేదు" అన్నారు అమ్మగారు. ఆ మాటతో వాళ్లు మెనూని నా చేతికి అప్పగించేశారు. ఇలాంటి నమ్మకం దొరికిన రోజు మామూలు కన్నా రెట్టింపు జాగ్రత్త ఉండాలి.

మా బార్‌లో మొదటి గ్లాసు దాదాపు ఎప్పుడూ పిస్కో సోరే. పిస్కో అంటే ద్రాక్ష సారా. పెరూ నియమాల ప్రకారం ఎనిమిది రకాల ద్రాక్షల నుంచే తీయాలి. తీశాక నీళ్లు కలపకూడదు. కనీసం మూడు నెలలు నిలవ ఉంచాలి, అదీ రంగూ రుచీ అంటని పాత్రల్లో. అందుకే విస్కీలా చెక్క రంగు దిగదు, తేటగా ఉంటుంది. దానికి నిమ్మరసం, పంచదార పాకం, గుడ్డు తెల్లసొన కలిపి మొదట ఐసు లేకుండా, తర్వాత ఐసుతో బలంగా గిలకొడతారు. పైన వేలు మందాన తెల్లటి నురగ కడుతుంది, దాని మీద మూడు చుక్కల బిటర్స్ వేస్తారు. దీని పుట్టుక గురించి చెప్పేటప్పుడు 1916లో లిమాలో బార్ తెరిచిన విక్టర్ మోరిస్ అనే అమెరికన్ పేరే ఎక్కువగా వినిపిస్తుంది.

నాన్నగారు వకీలు కదా, "చిలీ వాళ్లు కూడా ఇదే పేరుతో చేస్తారట, మరి పేరెవరిది?" అని అడిగారు. ఆ తగాదా మన దేశం కోర్టుల దాకా వచ్చిందని చెబితే కుర్చీ ముందుకు జరుపుకున్నారు. 2018లో మన మేధో సంపత్తి అప్పీలు బోర్డు 'పిస్కో' అన్న జీఐ (భౌగోళిక గుర్తింపు) పేరుని పెరూకే ఇచ్చింది. 2025 జులైలో ఢిల్లీ హైకోర్టు దాన్ని మార్చింది. చిలీ కూడా ఆ పేరుతో చాలాకాలంగా తయారు చేస్తోంది కాబట్టి పెరూ నమోదు 'పెరూవియన్ పిస్కో' అనే ఉండాలంది. ఆయన తీర్పు గురించి ఇంకో నాలుగు ప్రశ్నలు వేశారు. ఆయనకి నేను పిస్కో సోర్ బదులు చిల్కానో ఇచ్చాను. పిస్కో, జింజర్ ఏల్, నిమ్మకాయ, అంతే. విస్కీ సోడా అలవాటైన నాలుకకి పొడుగు గ్లాసులో గ్యాస్ ఉన్న డ్రింకే సుఖం. ఇది చాలామంది పెద్దవాళ్లతో నేను చూశాను.

అప్పుడు అమ్మగారు కోడలి గ్లాసు వైపు చూసి అడిగారు. "ఆ నురగ ఏంటి బాబూ?"

"గుడ్డు తెల్లసొన అమ్మా."

"అమ్మో, నాకొద్దు. ఇవాళ శనివారం కదా, నేను నీసు ముట్టను."

సరే అమ్మా అని ఆమెకి చిచా మొరాడా తెప్పించాను. ఊదా రంగు మొక్కజొన్న కంకుల్ని అనాస తొక్కలు, దాల్చినచెక్క, లవంగాలతో మరగబెట్టి వడకట్టి, చల్లార్చి నిమ్మరసం, పంచదార కలిపే పానీయం. ఆల్కహాల్ లేదు. ఒక గుక్క తాగి "లవంగం వాసన బాగుంది, రంగు చూస్తే అల్లనేరేడు రసంలా ఉంది" అన్నారు. నాకు సంతోషమేసింది.

ఇక్కడ ఆగి చూడాలి. ఆమె తన నియమాన్ని నాకు స్పష్టంగా, తెలుగులో, నోటితో చెప్పారు. శనివారం, నీసు ముట్టను, గుడ్డు కూడా వద్దు. నేను విన్నాను, గ్లాసు మార్చాను, అక్కడితో నా పని అయిపోయిందనుకున్నాను. వంటింటి టికెట్ మీద ఆ మాట ఎక్కలేదు. టికెట్ మీద అప్పటికీ ఉన్నది "1 వెజ్" మాత్రమే.

ఇంకో ఇబ్బంది కూడా బార్ దగ్గరే మొదలైంది. మిగతా వాళ్లు ఆరు పిస్కో సోర్లు చెప్పారు. ఒక షేకర్‌లో రెండు కంటే ఎక్కువ చేస్తే నురగ సరిగ్గా కట్టదు. శనివారం రద్దీలో ఆరూ వచ్చేసరికి పద్నాలుగు నిమిషాలు పట్టింది. ఈలోగా సెవిచే టికెట్ వంటింటికి వెళ్లిపోయింది. పుల్లటి డ్రింకు, పుల్లటి చేప ఒకేసారి టేబుల్ మీదికి చేరాయి. నా అభిప్రాయంలో పిస్కో సోర్ సెవిచేకి ముందు రావాలి, వేయించిన కాంచా మొక్కజొన్న గింజలు కొరుకుతూ తాగాలి. సెవిచే వచ్చేసరికి గ్లాసు ఖాళీ అయిపోవాలి. రెండూ కలిస్తే నాలుక మొద్దుబారి ఏ పులుపు ఎక్కడిదో తెలియదు. ఆ రాత్రి ఇంకో పని కూడా జరిగింది. వంటింట్లో అందరూ బార్ ఆలస్యాన్ని అందుకునే హడావుడిలో పడ్డారు.

ఒక్క చెంచా

సెవిచే ఎలా చేస్తారో కొంచెం చెప్పాలి, లేకపోతే జరిగిన తప్పు అర్థం కాదు. చల్లబరిచిన గిన్నెలో చేప ముక్కలు, సైజు సుమారు మన చేపల పులుసు ముక్కలో నాలుగో వంతు. ముందు ఉప్పు పడాలి, తర్వాతే పులుపు. సన్నగా తరిగిన ఆహీ లిమో మిర్చి, కొత్తిమీర. నిమ్మకాయని చేత్తో సగమే పిండాలి. గట్టిగా నలిపితే తొక్క చేదు దిగుతుంది. అప్పుడు లెచే దె తిగ్రె పోస్తారు. స్పానిష్‌లో దాని అర్థం పులిపాలు. చేప తరుగు ముక్కలు, చేప రసం, నిమ్మరసం, అల్లం, వెల్లుల్లి, సెలరీ, ఉల్లి, కొత్తిమీర కాడలు, ఐసు వేసి మిక్సీలో తిప్పి వడకడితే వచ్చే పాలరంగు పులుసు అది. పైన ఈకలంత సన్నగా కోసి కడిగిన ఎర్ర ఉల్లిపాయ, పక్కన ఉడికించిన చిలగడదుంప, పెద్ద గింజల మొక్కజొన్న. కలిపిన కొద్ది నిమిషాల్లో తినాలి. ఒకప్పుడు గంటల తరబడి నిమ్మరసంలో నానబెట్టేవాళ్లు. 1899 నుంచి పెరూకి వలస వచ్చిన జపాన్ వాళ్ల వారసులు పచ్చి చేపని చూసే పద్ధతి ఈ అలవాటుని మార్చిందని వంటవాళ్లు చెబుతారు. లిమాలో ఇది మధ్యాహ్నం తిండి, సెవిచే హోటళ్లు చాలావరకు సాయంత్రానికి మూసేస్తారు. 2023లో యునెస్కో సెవిచే తయారీ, తినే పద్ధతులని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

నాకు ఈ పులుసు మొదటిసారి రుచి చూసినప్పుడు అమ్మ చేసే పచ్చిపులుసు గుర్తొచ్చింది. పొయ్యి ఎక్కని పులుపు, పచ్చి ఉల్లిపాయ, మిరపకాయ, కొత్తిమీర. చింతపండు బదులు నిమ్మకాయ, అంతే తేడా. మెనూలో పుట్టగొడుగుల సెవిచే కూడా ఉంది, దానికి చేప లేకుండా వేరే లెచే దె తిగ్రె చేస్తాం. అమ్మగారికి అదే పెట్టాను. "అమ్మా, ఇది మన పచ్చిపులుసు అనుకోండి, పుట్టగొడుగు ముక్కలతో" అని కూడా చెప్పాను.

ఆమె చెంచాతో కొంచెం పులుసు తీసుకుని నోట్లో పెట్టుకున్నారు. ముఖం మారింది. ఇంకో చెంచా తీసుకోలేదు. న్యాప్‌కిన్ నోటికి అడ్డం పెట్టుకుని, పక్కన కూర్చున్న మనవరాలికి కూడా తెలియకుండా, నోట్లో ఉన్నది అందులోకి తీసేశారు. నా వైపు చూసి చాలా మెల్లగా అన్నారు.

"బాబూ, ఇందులో చేప పడిందా?"

గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. నీసు వాసన ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేదు. నేను "లేదమ్మా" అని నోరు తెరవబోయి ఆగాను. మెనూ ప్రకారం లేదు. గిన్నెలో ఉందో లేదో నాకు తెలియదు. "ఒక్క నిమిషం అమ్మా, లోపలికెళ్లి చూసొచ్చి నిజం చెబుతాను" అన్నాను.

లోపల సెవిచే సెక్షన్‌లో రెండు స్క్వీజ్ బాటిల్స్ పక్కపక్కనే ఉన్నాయి. రెండూ ఒకటే సైజు, రెండింట్లోనూ పాలరంగు పులుసు. పుట్టగొడుగుల బాటిల్ ఖాళీ. జూనియర్ కుర్రాణ్ని అడిగితే ముఖం పాలిపోయింది. అరగంట క్రితం బాటిల్ అయిపోయిందట. రద్దీలో మళ్లీ చేసే టైమ్ లేక, వెజ్ అంటే పైన చేప ముక్కలు లేకపోతే చాలనుకుని మామూలు బాటిల్‌లోదే పోశాడు. దాచకుండా చెప్పేశాడు. పందొమ్మిదేళ్ల పిల్లాడు, నిజం చెప్పినందుకు నేను ఈ రోజుకీ అతన్ని మెచ్చుకుంటాను.

బయటికి వచ్చి ఆమె కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "చేప రసం పడిందమ్మా. తప్పు మాదే. మీరు బార్ దగ్గర శనివారం అని చెప్పారు, నేను లోపలికి చెప్పలేదు."

కొడుకు ముఖం ఎర్రబడింది. "ఏంటి బ్రదర్, తెలుగువాళ్లు ఉన్నారనే కదా మీకు వదిలేశాం" అన్నాడు. ఆ మాట న్యాయమైనదే. అమ్మగారు కొడుకు చెయ్యి పట్టుకుని ఆపారు. "తెలియక జరిగింది నాన్నా. మింగలేదుగా." లేచి వెళ్లి నోరు పుక్కిలించుకుని, కళ్లు తుడుచుకుని వచ్చారు. ఆ కళ్లు తుడుచుకోవడం నాకు ఇప్పటికీ గుర్తే. కొడుకు పుట్టినప్పటి నుంచి, అంటే నలభై ఏళ్లుగా, శనివారం తప్పలేదట. వెంకటేశ్వరస్వామి మొక్కు.

ఆ తర్వాత ఆ టేబుల్‌కి ఏం చేశాం

ఇలాంటప్పుడు ఒక ఉచిత డెజర్ట్ పంపి, బిల్లులో ఆ వంటకం తీసేసి, చేతులు దులుపుకోవడం మా రంగంలో అలవాటు. మొక్కు తప్పిన మనిషికి ఐస్‌క్రీమ్ ఇవ్వడం నాకు తప్పనిపించింది. ఆమెకి కావాల్సింది రెండే. ఇక నుంచి వచ్చేదాంట్లో ఏమీ కలవదన్న భరోసా, నలుగురూ తింటుంటే తాను ఖాళీ పళ్లెంతో కూర్చోకుండా ఉండటం. నేను హెడ్ చెఫ్‌ని టేబుల్ దగ్గరికి తీసుకొచ్చాను. ఆయన పెరూలోని అరెకీపా మనిషి. ఆయన చెప్పేది నేను తెలుగులో చెబుతూ పోయాను. ఏం చేయగలం, అందులో ఏమేం పడతాయి, ఏ పెనం మీద, ఏ నూనెలో.

మొదట కౌసా చేశారు. ఉడికించి మెత్తగా చేసిన పసుపు బంగాళాదుంపలో నిమ్మరసం, ఆహీ అమారియో మిర్చి ముద్ద కలిపి, మధ్యలో అవకాడో పెట్టి పొరలుగా పేరుస్తారు. మామూలుగా మయోనైజ్ పడుతుంది, అందులో గుడ్డు ఉంటుంది, అది తీసేశారు. మిర్చి ముద్ద కొత్త డబ్బా తెరిచారు, ఎందుకంటే తెరిచి ఉన్న డబ్బాలో ఎవరి గరిటె ముంచారో చెప్పలేం. నాన్నగారు రుచి చూసి "మిరపకాయ పేరు పసుపు, రంగు నారింజ, వాసన మాత్రం పండులా ఉంది" అన్నారు. మిరపకాయ, బంగాళాదుంప రెండూ అమెరికా ఖండాల నుంచే మన దాకా వచ్చాయని చెబితే ఆశ్చర్యపోయారు. లిమాలో బంగాళాదుంపల కోసమే 1971 నుంచి ఒక అంతర్జాతీయ పరిశోధనా కేంద్రం ఉంది. నిమ్మకాయ, ఉల్లిపాయ మాత్రం అటు స్పెయిన్ వాళ్లతో వెళ్లాయి. పెరూలో వాడే చిన్న నిమ్మకాయ మన నిమ్మకాయ జాతే. లండన్‌లో దొరికే పెద్ద సైజు, గింజల్లేని కాయలో ఆ ఘాటు రాదని మా చెఫ్ రోజూ బాధపడతాడు.

చివరికి పికరోనెస్. తీపి గుమ్మడి, చిలగడదుంప గుజ్జు, పిండి, ఈస్ట్ కలిపి పులియబెట్టి, చేత్తో చిల్లు చేసి నూనెలో వేస్తారు. పైన చంకాకా పాకం. చంకాకా అంటే ఇంకేమీ కాదు, మన బెల్లమే. పిండిలో గుడ్డు లేదు. కానీ మా ఫ్రైయర్‌లో స్క్విడ్ వేయిస్తాం. ఆ సంగతి అడక్కుండానే చెఫ్ చిన్న మూకుడు తీసి, కొత్త నూనె పోసి, విడిగా వేయించాడు. అమ్మగారు మూడు తిన్నారు. "బెల్లం పాకంలో గారెల్లా ఉన్నాయి" అని మనవరాలికి తినిపించారు.

రొయ్యలు పడని అల్లుడికి ఆ రాత్రి ఒక్క పొరపాటు కూడా జరగలేదు. ఈ కేసులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే.

ఎక్కడ తెగింది

సర్వీస్ అయ్యాక పన్నెండింటికి కూర్చున్నాం. గోడ మీది పట్టిక తీసి టేబుల్ మీద పరిచాం. లెచే దె తిగ్రె ఎదురుగా "చేప" గడిలో టిక్ ఉంది. అంటే సమాచారం ఇంట్లోనే ఉంది. టికెట్ మీద "చేప పడదు" అని ఉంటే మెషీన్ ఎర్రగా ప్రింట్ చేసేది, చెఫ్ చదివేవాడు, కుర్రాడు ఆ బాటిల్ ముట్టేవాడు కాదు. టికెట్ మీద ఉన్నది "వెజ్". ఆ మాట ఏ గడిలోకీ వెళ్లదు.

కొందరు కుర్రాడిదే తప్పన్నారు. నేను ఒప్పుకోలేదు. ఒకేలాంటి రెండు బాటిల్స్ పక్కపక్కన పెట్టింది మేం. వెజ్ పులుసు శనివారానికి సరిపడా చేయనిది మేం. అమ్మగారు చెప్పిన మాటని బార్‌లోనే వదిలేసింది నేను. అతను చివర్లో ఉన్నాడు, అంతే.

ఆ రాత్రే ఇంకో పని చేశాం. మెనూలో ప్రతి వంటకాన్నీ ముక్కతో కాకుండా పులుసుతో, ముద్దతో, నూనెతో మళ్లీ రాసుకున్నాం. ఒక్క లెచే దె తిగ్రె ఎన్ని వంటకాల్లో చేరుతోందో అప్పుడు కనబడింది. సెవిచే, తిరాదితో (పలచగా కోసిన పచ్చి చేప), రెండు సాస్‌లు, చివరికి బార్‌లో ఇచ్చే ఒక షాట్ కూడా. ఆంతికుచోలకి, అంటే పుల్లకి గుచ్చి కాల్చే ముక్కలకి, పట్టించే ఆహీ పంకా మిర్చి మసాలా కూడా అంతే. చికెన్‌కీ, ఎద్దు గుండె ముక్కలకీ ఒకే గిన్నెలోంచి బ్రష్ వెళ్తోంది, ఒకే గ్రిల్ మీద కాలుతున్నాయి. బీఫ్ వద్దన్న టేబుల్‌కి చికెన్ ఆంతికుచో పంపినప్పుడు మేం ఏం పంపుతున్నామో ఆ రాత్రి దాకా సరిగ్గా ఆలోచించలేదు. అదృష్టం కొద్దీ ఆ కుటుంబం దాన్ని ఆర్డర్ చేయలేదు.

మార్చినవి

"వెజ్" అన్న బటన్ సిస్టమ్‌లోంచి తీసేశాం. ఇప్పుడు చేప, రొయ్య, మాంసం, గుడ్డు, పాలు, దేనికది విడిగా నొక్కాలి. పది సెకన్లు ఎక్కువ పడుతుంది. మొదట్లో వెయిటర్లు విసుక్కున్నారు, ఇప్పుడు అలవాటైంది. నియమంతో మానేసేవాళ్లదీ, అలర్జీ ఉన్నవాళ్లదీ ఇప్పుడు ఒకటే ఎర్ర టికెట్. ఒకరిది ప్రాణం, ఇంకొకరిది మొక్కు, రెండూ ఒకటెలా అవుతాయని చెఫ్ మొదట వాదించాడు. ప్రమాదం ఒకటి కాదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ వంటింట్లో చేయాల్సిన పని మాత్రం ఒకటే: వేరే గిన్నె, వేరే గరిటె.

చేప లేని పులుసు ఇప్పుడు వెడల్పు మూతి గాజు సీసాలో, వేరే ఫ్రిజ్‌లో ఉంటుంది. చీకట్లో చేత్తో తడిమినా తేడా తెలుస్తుంది. అది అయిపోతే ఆ వంటకం ఆ రాత్రికి లేదు, అంతే. గ్రిల్‌లో ఒక పక్క చికెన్‌కి విడదీశాం, బ్రష్‌లు వేరు చేశాం.

బార్‌లో గుడ్డు వద్దన్న వాళ్లకి శనగలు ఉడికించిన నీళ్లతో నురగ తెప్పిస్తున్నారు. నురగ బాగానే నిలుస్తుంది, కాకపోతే కొంచెం శనగ వాసన ఉంటుంది, నిమ్మరసం ఒక పిసరు పెంచితే సర్దుకుంటుంది. షేకర్ కూడా వేరు. బార్‌టెండర్ చెవిన ఏ మాట పడినా టేబుల్ నంబర్‌తో సహా వంటింటికి మెసేజ్ వెళ్లాలి. ఆరు మందికి మించిన టేబుల్‌కి డ్రింకులు చేరాయని నేను చేయి ఊపేదాకా సెవిచే మొదలుపెట్టరు.

ఇంకా తీరని సమస్య ఉల్లి, వెల్లుల్లి. అవి లేకుండా లెచే దె తిగ్రె చేసి చూశాం, నీళ్లగా ఉంది, నాకు నచ్చలేదు. ఆ రెండూ తిననివాళ్లకి మా దగ్గర పెట్టగలిగేవి నాలుగైదుకి మించవు. ఆ మాట బుకింగ్‌లోనే చెప్పేస్తున్నాం.

మంగళవారం

రాజమండ్రి వెళ్లేముందు వాళ్లు మళ్లీ వచ్చారు, ఈసారి ఇద్దరే, మధ్యాహ్నం భోజనానికి. అమ్మగారే రమ్మన్నారట. "ఇవాళ మంగళవారం బాబూ. ఆ చేపది ఇప్పుడు పెట్టు, ఏంటో చూస్తాను."

సీబాస్ సెవిచే పెట్టాను. పచ్చి చేపేనా అని అడిగారు. నిమ్మరసం చేపని తెల్లగా, గట్టిగా చేస్తుందే గానీ పురుగుల్ని చంపదని, అందుకే పచ్చిగా వడ్డించే సముద్రపు చేపని సున్నాకి 20 డిగ్రీల కింద కనీసం 24 గంటలు గడ్డకట్టించాలని ఇక్కడ నియమం ఉందని చెప్పాను. ఆమె ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలారు. "తాజాగా ఉంది. పులుపు బాగుంది. ఉప్పు ఇంకొంచెం పడాలి." కౌంటర్ వెనక నుంచి చెఫ్ ఏమందని అడిగాడు, చెప్పాను. ఆయన గిన్నెలో వేలు ముంచి రుచి చూసి, తల ఊపి, ఉప్పు వేశాడు.

"పులసతో చేయొచ్చా ఇది?" అన్నారు నాన్నగారు. సన్నముళ్లు అన్ని ఉన్న చేపని పచ్చిగా ఎలా తింటామని ఇద్దరూ వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు.

వెళ్లేముందు అమ్మగారు ఒక మాట చెప్పారు. "ఆ రోజు చేప లేని పులుసు అన్నావే, అది కాస్త పెట్టు, నాకు రుచి చూపించు." సీసాలోంచి చిన్న గిన్నెలో పోసిచ్చాను. ఒక చెంచా నోట్లో పోసుకుని, "పలచగా ఉంది నాయనా. మేం పచ్చిపులుసులో వంకాయ కాల్చి, తొక్క తీసి పిసుకుతాం. ఆ కాల్చిన వాసనకి నీసు లేని లోటు తెలియదు" అన్నారు.

చెఫ్‌కి చెప్పాను. ఆ సాయంత్రమే గ్రిల్ మీద ఒక వంకాయ, ఒక ఉల్లిపాయ నల్లగా కాల్చి, నిమ్మరసం, అల్లం, ఆహీ అమారియోతో తిప్పి వడకట్టాడు. రంగు పాలరంగు కాదు, బూడిద కలిసిన గోధుమ రంగు. ఇక ఏ సీసాలో పోసినా చేప పులుసు అనుకునే వీలే లేదు. పుట్టగొడుగుల సెవిచేకి ఇప్పుడు అదే పోస్తున్నాం.